ముందు సెల్ఫ్ కొట్టండి, తర్వాత చూద్దాం

కారు టైమింగ్ చైను గైడ్లు మార్పించినవాళ్ళకి, మార్పించబోతున్నవాళ్ళకి, మార్పించి తెచ్చుకుంటూ దారిలో ఆగిపోయినవాళ్ళకి ఈ సలహాలు. చెప్పడానికి నీకున్న అర్హత ఏమిటని అడగొచ్చు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఉన్న 120 కిలోమీటర్ల దారిలో నా బండి ఆగని ఊరు లేదు. ఇల్లెందులో ఆగింది, కొత్తగూడెంలో ఆగింది, పాల్వంచ థర్మల్ చిమ్నీలు కనపడేచోట ఆగింది, గోదావరి వంతెన మీద నట్టనడుమ ఆగింది. ఆగిన ప్రతిచోటా నలుగురు చేరి తలా ఒక సలహా ఇచ్చారు. ఒక్కటీ వదలకుండా అన్నీ పాటించాను. అందుకే ఇవాళ నేను సలహాలిచ్చే స్థాయికి వచ్చాను. బండి చింతచెట్టు కిందికి వచ్చింది.

ఇంజన్ సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కింద క్రాంకు, పైన క్యామ్. క్రాంకు రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. అలా తిరిగితేనే పిస్టన్ పైకొచ్చే వేళకి వాల్వు దారి తప్పుకుంటుంది. ఈ రెంటినీ ఒక మాట మీద నడిపించేది చైను. ఆ చైను అటూ ఇటూ కొట్టుకోకుండా పక్కన ఒరుసుకుని నిలబడేవి గైడ్లు, అంటే లోహపు పట్టీల మీద ప్లాస్టిక్ తొడుగులు. ఒక పక్క గైడు కదలదు. రెండో పక్క గైడు వీపు మీద టెన్షనర్ చెయ్యి వేసి నెడుతూ ఉంటుంది. ఆ చేతికి బలం ఇంజన్ ఆయిల్ ఒత్తిడి నుంచి వస్తుంది. ఆయిల్ నల్లబడి తారులా అయ్యేదాకా మార్చనివాళ్ళకి ప్లాస్టిక్ పెళుసెక్కి ముక్కలవుతుంది. బొగ్గు లారీల వెనక మొదటి గేర్లో పాకే బళ్ళకి, భద్రాచలం శ్రీరామనవమి రద్దీలో ఏసీ వేసుకుని గంటల తరబడి ఉన్నచోటే నిలబడే బళ్ళకి మీటర్లో కిలోమీటర్లు తిరగవు కానీ లోపల చైను తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఆయిల్ ఎప్పుడు మార్చాలో మీటరు చూసి తేల్చుకోండి. ఇది పునాది సలహా. మిగతావన్నీ దీని మీద కట్టిన మేడలు.

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో నీళ్ళు 75 అడుగులు దాటాయి, 2022 జూలైలో 71 దాటాయి. అయినా కరకట్ట మీద నిలబడి "ఇంతకన్నా రాదులే" అనేవాళ్ళు ప్రతి వరదకీ ఉంటారు. చైనుకి కావలసింది అచ్చం అలాంటి యజమాని. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే రెండు మూడు సెకన్లు లొడలొడమంటే అది 43 అడుగులు. ఇంజన్ వేడెక్కాక కూడా స్లోలో ఆ చప్పుడు వదలకపోతే 48. చప్పుడుతో పాటు డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ లైటు వెలిగి, పికప్ పోతే 53. మూడిటికీ మందు ఒకటే: పాట సౌండు పెంచండి. నేను రెండో హెచ్చరిక దాకా ఘంటసాలతో నెట్టుకొచ్చాను, మూడోదానికి డప్పు పాటలు పెట్టాల్సి వచ్చింది.

ఇక తప్పక విప్పాల్సి వస్తే గైడ్లు మాత్రమే మార్పించండి. షాపులో కిట్టు అని అమ్ముతారు. చైను, గైడ్లు, టెన్షనర్, పళ్ళ చక్రాలు అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. కిట్టు కొనేవాడు దుబారా మనిషి. పాత చైను చేతిలో పట్టుకు చూస్తే బంగారంలా ఉంటుంది, తెగలేదు, తుప్పు పట్టలేదు. చైను సాగిందని మెకానిక్ అంటే నమ్మకండి, ఇనుము రబ్బరులా సాగుతుందా? నిజానికి అది సాగడం కాదు, అరగడం. ఒక్కో లింకులో పిన్ను ఒక వెంట్రుకలో పదో వంతు అరుగుతుంది. వంద పైచిలుకు లింకులు కలిస్తే ఆ వెంట్రుకలన్నీ జడ అవుతాయి. ఆ జడ పొడవున క్యామ్ వెనకబడుతుంది. కొత్త గైడ్ల మీద ఆ పాత చైను, దాన్ని నెట్టడానికి అప్పటికే చెయ్యంతా బారచాపేసిన పాత టెన్షనర్. ఇంకేం కావాలి, పని అయిపోయాక టైమింగ్ ఎందుకు తప్పిందో నెల రోజులు వెతుక్కోవచ్చు.

మీ బండికి చైనా, బెల్టా అన్నది కూడా తెలుసుకోకండి. పాత డీజిల్ ఇన్నోవాకి బెల్టు, దాని తర్వాతొచ్చిన డీజిల్ క్రిస్టాకి చైను. మారుతి 800కి బెల్టు. మన రోడ్ల మీద తిరిగిన డీజిల్ స్విఫ్టులు, డిజైర్లు, ఇండికా విస్టాల్లో చాలావాటి బానెట్ ఎత్తితే కనిపించేది ఒకే ఇంజన్. ఫియట్ రూపొందించిన 1248 సీసీ, 16 వాల్వుల డీజిల్, చైను బండి. బీఎస్-6 వచ్చాక 2020 ఏప్రిల్‌లో మారుతి దాన్ని ఆపేసింది. దానికి టైమింగ్ పెట్టేటప్పుడు పైన క్యామ్‌లని, వెనక ఫ్లైవీలుని లాకు పిన్నులతో బిగించి ఉంచుతారు. ఆ పిన్నుల సెట్టు లేని షెడ్డునే ఎంచుకోండి. "పిన్నులెందుకన్నా, డ్రిల్ బిట్టు సరిపోతది" అన్నవాడి మీద గురి కుదరాలి. ఇంకా మంచిది, పుల్లీ బోల్టు బిగించేటప్పుడు ఆ లాకు పిన్నునే ఆసరాగా పెట్టి బలంకొద్దీ లాగండి. పిన్ను స్థానం చూపించడానికే తప్ప బరువు మొయ్యడానికి కాదని ఎవరైనా అంటే వాళ్ళకి బలం లేదనుకోండి.

ఆ బోల్టు సంగతి కూడా చెప్పేస్తాను. చాలా ఇంజన్లలో అది ఒక్కసారి వాడి పారేసేది. బిగించినప్పుడు కొద్దిగా సాగి, ఆ సాగిన పట్టుతోనే పళ్ళ చక్రాన్ని అదిమి ఉంచుతుంది. కొన్నిటిలో చక్రానికి కీ కూడా ఉండదు, ఆ అదుము తప్ప వేరే దిక్కు లేదు. మీరు పాత బోల్టునే తుడిచి పెట్టండి. రేస్ ఇచ్చిన ఏదో ఒక రోజు చక్రం జారుతుంది. అన్ని గుర్తులూ కలిపి పెట్టిన బండికి టైమింగ్ ఎలా తప్పిందన్నది ఊరికొక వింతగా మిగులుతుంది.

చైను ఎక్కించే పద్ధతి. సైకిల్ పెడలు తొక్కుతుంటే పై చైను బిర్రుగా, కింది చైను వదులుగా ఉండటం చూసే ఉంటారు. ఇంజన్‌లోనూ అంతే. క్రాంకు లాగే వైపు, అంటే కదలని గైడు ఉన్న వైపు, చైను బిర్రుగా ఉండాలి. ఉన్న వదులంతా టెన్షనర్ వైపుకి రావాలి. గైడ్లు మార్చాక టైమింగ్ తప్పే బళ్ళలో చాలావాటి జాతకం ఇక్కడే తేలిపోతుంది. వదులు కదలని గైడు వైపు ఉండిపోతే గుర్తులన్నీ అద్దంలా కలిసినట్టే కనిపిస్తాయి. టెన్షనర్ వదలగానే అది చైనుని తనవైపు లాక్కుంటుంది, క్యామ్ ఒక పన్ను పక్కకి తిరుగుతుంది. కింద చక్రానికి 18 పళ్ళు, పైదానికి 36 అనుకుంటే ఆ ఒక్క పన్ను క్రాంకు లెక్కలో 20 డిగ్రీలు. ఇదంతా పట్టించుకోకండి. ఒక్క పన్నే కదా! భద్రాచలం ఊరు తెలంగాణలో ఉంది. ఊరు దాటగానే తగిలే ఎటపాక 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఒక్క అడుగు పక్కకి జరిగితే ఏమవుతుందని మనవాళ్ళని అడగండి, రేషన్ కార్డు దగ్గర్నుంచి చెప్తారు.

టెన్షనర్ పిన్ను విషయంలో నాకు సొంత అనుభవం ఉంది. కొత్త టెన్షనర్ లోపలికి నొక్కి ఉంచి, బయటికి దూకకుండా సన్నని పిన్ను గుచ్చి అమ్ముతారు. చైను ఎక్కించి, గైడ్లు బిగించి, అన్నీ అయ్యాక ఆ పిన్ను లాగాలి. లాగితేనే అది ముందుకొచ్చి గైడు వీపు తడుతుంది. నా బండిలో పాత టెన్షనరే మళ్ళీ పెట్టారు కాబట్టి పిన్ను లేదు. దాన్ని నొక్కి పట్టడానికి మెకానిక్ దగ్గర కుర్రాడు సైకిల్ పుల్ల ఒకటి రెండంగుళాలు కోసి, ఒక చివర కొక్కెంలా వంచి గుచ్చాడు. ముచ్చటగా వంచాడు, చెవిపోగులా ఉంది. ఈలోగా టీ వచ్చింది. టీ తాగాక కవరు మూశారు. మూడు నెలల తర్వాత మళ్ళీ విప్పినప్పుడు ఆ చెవిపోగు అక్కడే ఉంది, ఆయిల్లో నాని నల్లగా నిగనిగలాడుతూ. అన్నాళ్ళూ నా చైను ఎవరి అదుపూ లేకుండా ఊగింది. కాబట్టి కవరు మూసేముందు టీ చెప్పండి. పిన్ను బల్ల మీదకి వచ్చిందా లేదా అని మాత్రం చూడకండి.

గుర్తుల దగ్గరికి వద్దాం. కొత్తగూడెంలో రైలు దిగితే స్టేషన్ బోర్డు మీద భద్రాచలం రోడ్ అని ఉంటుంది. అది చూసి గుడికొచ్చేశామనుకుని పుష్కర స్నానానికి తువ్వాలు తీసినవాళ్ళుంటారు. గోదావరికి ఇంకా 40 కిలోమీటర్లు ఉంది. పుల్లీ మీద, చక్రాల మీద ఉండే గుర్తులన్నీ టైమింగ్‌వే కావు. కొన్ని ఫ్యాక్టరీ వాళ్ళవి, కొన్ని మీకన్నా ముందు విప్పినవాడు వైట్నర్‌తో పెట్టుకున్నవి. ఏ గుర్తు కంటికి బాగా ఆనితే దాన్నే నమ్మండి. మాన్యువల్ చూడటం మగతనం కాదు.

భద్రాచలంలో నవమినాడు రాములవారి కల్యాణం అభిజిత్ లగ్నంలో, సూర్యుడు నడినెత్తిన ఉండగా జరుగుతుంది. ఇంజన్‌కి కూడా అలాంటి నడినెత్తి ఉంది. ఒకటో నంబరు పిస్టన్ బోరు పైకొసకి వచ్చే క్షణం అది, మెకానిక్కులు టీడీసీ అంటారు. తేడా ఏమిటంటే సూర్యుడికి రోజుకి ఒక్కసారే నడినెత్తి. పిస్టన్‌కి ఒక ఆవర్తనంలో రెండుసార్లు, ఒకసారి గాలిని నొక్కి పట్టినప్పుడు, ఇంకోసారి పొగని బయటికి నెట్టినప్పుడు. క్రాంకుకి ఆ తేడా తెలియదు, క్యామ్‌కే తెలుసు. అందుకని క్రాంకు గుర్తు కలిసి క్యామ్ గుర్తు సరిగ్గా ఎదురు వైపున కనిపిస్తే వెంటనే గాభరా పడండి. చైను మళ్ళీ ఊడదీసి, పిస్టన్లు పైన ఉండగానే, క్యామ్‌ని ఒక్కదాన్నే సగం చుట్టు తిప్పండి. వాల్వులు పిస్టన్ నెత్తిన దిగబడతాయి. ఏమీ విప్పకుండా క్రాంకుని ఇంకొక్క చుట్టు తిప్పితే గుర్తు దానంతటదే వస్తుందని చెప్పే పెద్దమనిషిని షెడ్డు బయట కూర్చోబెట్టండి.

రంగు లింకుల దగ్గర ఇంకో గాభరాకి అవకాశం ఉంది, వదులుకోకండి. కొత్త చైనులో రెండో మూడో లింకులకి రాగి రంగో, పసుపో వేసి ఉంటుంది. ఎక్కించేటప్పుడు వాటిని చక్రాల గుర్తులతో కలపాలి. ఎక్కించి రెండు చుట్లు తిప్పి చూడగానే చక్రాల మీద గుర్తులు వాటి చోటికి వస్తాయి కానీ రంగు లింకులు ఎక్కడికో పోయి ఉంటాయి. అది తప్పు కాదు. లింకుల లెక్క వేరు, పళ్ళ లెక్క వేరు. మళ్ళీ కలుసుకోవాలంటే చాలా చుట్లు తిరగాలి. మీరు మాత్రం తప్పేనని తీర్మానించి, సరిగ్గా ఉన్న చైనుని విప్పి తప్పుగా ఎక్కించండి.

ఇది ఎన్నో సలహా అన్నది నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టే అలవాటే ఉంటే గుర్తుల మధ్య లింకులు లెక్కపెట్టేవాణ్ణి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది: చేత్తో తిప్పకండి. చాదస్తపు మెకానిక్కులు కవరు మూసే ముందొకసారి, మూశాక ఒకసారి ఇది చేస్తారు. క్రాంకు బోల్టుకి సాకెట్ తగిలించి, పొడుగాటి రాడ్డు పెట్టి, ఇంజన్ మామూలుగా తిరిగే వైపుకే నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పుతారు. డీజిల్ బండయితే గ్లో ప్లగ్గులు, పెట్రోలు బండయితే స్పార్క్ ప్లగ్గులు విప్పి ఉంటే చెయ్యి తేలిగ్గా పోతుంది. విప్పకపోతే అర చుట్టుకొకసారి బరువు తగులుతుంది. అది మెత్తటి బరువు. రాడ్డు మీద చెయ్యి అలాగే ఆన్చి ఉంచితే లోపల గాలి ఉస్సుమని జారి, మెల్లిగా దారి ఇస్తుంది, ఎద్దు కాడి కిందికి మెడ వంచినట్టు. అలా కాకుండా టక్కున రాయికి తగిలినట్టు ఆగితే అక్కడ పిస్టన్ వాల్వుని ముట్టుకుందని అర్థం. ఆ తేడా చేతికే తెలుస్తుంది, చెవికి తెలియదు, స్కానర్‌కి తెలియదు. అక్కడే చెయ్యి తీసేస్తే పోయేది అరపూట. చుట్లు పూర్తయ్యాక గుర్తులు మళ్ళీ వాటి చోట ఉన్నాయో లేదో చూసి అప్పుడు కవరు మూస్తారు. గుర్తు కొద్దిగా దాటిపోతే వెనక్కి తిప్పరు, ఇంకో రెండు చుట్లు ముందుకే తిప్పుతారు. వెనక్కి తిప్పితే వదులు చేరకూడని వైపుకి చేరి చైను పన్ను ఎక్కే ప్రమాదం ఉందని వాళ్ళ భయం.

ఇంత చేసినా అయ్యేది పావుగంట. కానీ నేను షెడ్డులో ఉన్నది నవమికి ముందురోజు. చుట్టాలు ఇంట్లో దిగారు. మెకానిక్ రాడ్డు చేతిలోకి తీసుకుంటే నేనే వారించాను. "అంత అవసరమా, సెల్ఫ్ కొట్టు చూద్దాం" అన్నాను. అతను నా మొహం చూశాడు, గోడ మీద గడియారం చూశాడు, రాడ్డు కింద పెట్టాడు. ఆయిల్ పైకెక్కి టెన్షనర్ నిండేదాకా డీజిల్ అందకుండా ఒకట్రెండుసార్లు ఊరికే సెల్ఫ్ తిప్పే పద్ధతి ఒకటుందట. దానికీ టైము లేదన్నాను. తాళం తిప్పాను. మొదట ఒక చిన్న చప్పుడు, పచ్చి కందికాయ చిట్లినట్టు. తర్వాత ఇంజన్ అందుకుంది. ఊగుతూ, దగ్గుతూ, తెల్ల పొగ వదులుతూ అందుకుంది. "స్టార్ట్ అయిందిగా!" అన్నాను నేను. స్టార్ట్ అయిందిగా అన్న మాట మీద ఎన్ని ఇంజన్లు పోయాయో ఎవరైనా లెక్క తీస్తే బాగుండు.

అప్పట్నుంచి మొదలైంది వెతుకులాట. అందులోనూ ఒక క్రమం ఉంది, తప్పకండి. స్కానర్ పెడితే పి0016 అని వచ్చింది. క్రాంకు చెప్పే కబురుకీ, క్యామ్ చెప్పే కబురుకీ పొంతన లేదని ఆ కోడు అర్థం. మొన్ననే చైను విప్పిన బండిలో ఆ కోడు వస్తే ముందుగా అనుమానించాల్సింది చైనుని. మీరు మాత్రం కబురు తెచ్చినవాడిని కొట్టండి. క్యామ్ సెన్సార్ మార్చాను, లైటు వెలిగింది. క్రాంకు సెన్సార్ మార్చాను, లైటు ఇంకా నిజాయితీగా వెలిగింది. బ్యాటరీ టెర్మినల్ పీకి పెట్టమన్నారు. పెడితే లైటు పోయింది, పాల్వంచ దాటేసరికి మళ్ళీ వచ్చింది. వైరింగ్ అన్నారు, ఎలుక కొరికిందన్నారు, ఇంజెక్టర్లు విప్పి సర్వీసుకి పంపారు. కంప్రెషన్ కొలిచే గేజి ఒకటుంటుంది. గ్లో ప్లగ్గు విప్పి ఆ కన్నంలో బిగించి సెల్ఫ్ కొడితే ఏ బోరులో ఎంత పట్టు ఉందో ముల్లు చూపిస్తుంది. నాలుగూ సమానంగా తగ్గితే టైమింగ్ మీద అనుమానం, ఒకటో రెండో మాత్రం పడిపోతే ఆ బోరులో వాల్వు మీద అనుమానం. చవకైన పని కాబట్టి దాన్ని ఆఖరికి పెట్టుకోండి.

ఇక్కడ ఒక పెద్దాయన వస్తాడు, తప్పకుండా వస్తాడు. అంబాసిడర్ల కాలం మనిషి. "టైమింగే కదరా, కాస్త అడ్వాన్స్ చెయ్" అంటాడు. ఆయన కాలంలో అది నిజం. డిస్ట్రిబ్యూటర్ నట్టు వదులు చేసి, బుడ్డి పట్టుకుని అర వేలెడు తిప్పితే బండి గొంతు మారేది. కానీ అది నిప్పు పడే టైము. వాల్వులు తెరుచుకునే టైము వేరు, దాన్ని అప్పుడూ ఆ బుడ్డి తిప్పి సరిచేసిందెవరూ లేరు. ఇప్పటి బళ్ళలో నిప్పుని, డీజిల్‌ని కంప్యూటర్ చూసుకుంటుంది. చైను పన్ను తప్పితే కంప్యూటర్ గోల పెట్టగలదే కానీ చైనుని జరపలేదు. అయినా పెద్దాయన్ని కాదనకండి, ఆయనకీ ఒక టీ చెప్పండి.

ఖర్చు లెక్క ముందే అడగొద్దు. ఈ నేల మీద లెక్క తర్వాతే అడుగుతారు. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్నని అలా అడిగే గోల్కొండ చెరలో పెట్టారు.

విరిగిన పాత గైడు ముక్కలు ఎటు పోయాయని కూడా ఆలోచించకండి. అవి జారి జారి కింద ఆయిల్ ఛాంబర్లో చేరి, ఆయిల్ పీల్చే గొట్టం మూతి దగ్గరున్న జల్లెడకి అతుక్కుంటాయి. కవరుకి ఎర్ర గమ్ము పుష్కలంగా పూస్తే లోపలికి పొంగిన గమ్ము పోగులు కూడా వాటికి తోడవుతాయి. జల్లెడ పూడితే ఆయిల్ పైకెక్కదు, ఆయిల్ లేక కొత్త టెన్షనర్ కూడా చెయ్యి చాపదు, మళ్ళీ లొడలొడ మొదలవుతుంది. ఛాంబర్ విప్పితే పది పదిహేను బోల్టులు. మనకంత ఓపిక ఎక్కడిది.

ఇంతవరకూ చేసినవాళ్ళు ఇక బండిని పరీక్షించాలి. దానికి అడవిని మించిన చోటు లేదు. భద్రాచలం దాటి 30వ నంబరు జాతీయ రహదారి మీద చింతూరు వైపు వెళ్ళండి. సిగ్నల్ ఉండదు, షెడ్డు ఉండదు. ఎండాకాలమైతే రోడ్డు వారన తునికాకు కట్టలు ఆరబోసి ఉంటాయి. ఇప్పపూల వాసన డీజిల్ వాసనని కమ్మేస్తుంది, కాబట్టి ఏది మాడుతోందో ముక్కుకి తెలియదు. నేను అలాగే వెళ్ళాను. ఎత్తు ఎక్కుతుంటే గేరు తగ్గించి గట్టిగా తొక్కాను. ఈసారి కందికాయ కాదు, ఇత్తడి బిందె మెట్ల మీద దొర్లిన చప్పుడు. తర్వాత నిశ్శబ్దం. అడవిలో పిట్టలు ఇన్ని ఉంటాయని అప్పుడే తెలిసింది.

గంటన్నర తర్వాత వెదురు వేసుకుని ఒక ట్రాక్టర్ వచ్చింది. దాన్ని నడిపేది ఇరవై దాటని కుర్రాడు. తాడు కడుతూ కడుతూ, "ఏమైంది సారూ?" అన్నాడు. చెప్పాను. గైడ్లు మార్పించానని, రెండు సెన్సార్లు వేశానని, ఇంజెక్టర్లు చూపించానని అన్నీ చెప్పాను. వాడు ముడి బిగించి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, "చైను ఎక్కించినాక చేత్తో తిప్పి చూసినారా?" అన్నాడు.

మూడు నెలల్లో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి. ఇలాంటివాళ్ళని దగ్గరికి రానివ్వకండి. మనసు పాడవుతుంది.

హెడ్డు విప్పితే రాకర్లు నాలుగు విరిగాయి, వాల్వులు ఆరు వంగాయి. ఒక పిస్టన్ నెత్తిన అర్ధచంద్రాకారంలో గాట్లు, గోటితో నొక్కిన పిండిలా ఉంది. టెన్షనర్లో సైకిల్ పుల్ల సంగతి ముందే చెప్పాను. సెకండ్ హ్యాండ్ హెడ్డు కోసం విజయవాడ ఆటోనగర్‌కి రెండుసార్లు పోయొచ్చాను. రెండోసారి బస్సులోనే పోయాను, బస్సుకి ఏముందో, చైనో గేర్లో, అడగలేదు.

దారిలో ఒక పని చేశాను. 22 నంబరు సాకెట్, దానికి మూడడుగుల రాడ్డు కొన్నాను. బండి ఇంకా చింతచెట్టు కిందే ఉంది కాబట్టి వాటిని వాడే అవకాశం రాలేదు, కాగితం కూడా విప్పలేదు. ఈ మధ్య గైడ్లు మార్పించుకున్నవాళ్ళు ఎవరైనా వచ్చి పట్టుకుపోవచ్చు. అద్దె అక్కర్లేదు. సెల్ఫ్ కొట్టకముందే రండి.